పక్క సీట్లో రాసిన అక్షరాలు

షెడ్డు ముందు బెంచీ మీద నుంచి,
ఎండలు తగ్గుముఖం పట్టిన రోజు

ఒసేయ్ మలుపమ్మా,

కొనేశానే! నిజంగా కొనేశాను! ఎర్రది. రెండే సీట్లు. ఎంత కిందకుంటుందంటే దాంట్లోకి ఎక్కడం ఉండదు, దిగడమే. పడుచు రోజుల్లో మనం గది గోడకి బొమ్మ అంటించుకుని పొద్దున లేవగానే చూసుకునేవాళ్ళం చూడు, అచ్చం అదే బండి. ఇప్పుడు దానికీ వయసు మీద పడింది, నాకూ పడింది. అందుకే నా చేతికి అందింది.

ఫోన్ చేద్దామని చెయ్యి పీకుతోంది. కానీ నువ్వు ఎత్తవుగా. "ఫోన్లో నన్ను సగం మాటలో కోసేస్తావు, ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా వింటావు" అని ఒట్టు పెట్టుకుని కూర్చున్నావు. సరే, రాస్తున్నా, విను.

నా బతుకు నీకు తెలుసు. పొద్దస్తమానం డ్రైవింగ్ స్కూలు డబ్బాలో కూర్చుని, స్టీరింగు ఎవరి చేతిలోనో పెట్టి, "క్లచ్చమ్మా, క్లచ్చు" అని అరవడమే. అలాంటిది నిన్న సాయంత్రం ఈ బండి మూడో గేరులో పడగానే నా గొంతులోంచి ఒక కేక వచ్చింది. పక్క బండివాడు భయపడి అద్దం ఎత్తేసుకున్నాడు.

ఒక్కటే చిక్కు. కుదుపు. రోడ్డు మీద అగ్గిపుల్ల పడుంటే అది ఎటు తల పెట్టి పడుకుందో నా నడుముకి తెలిసిపోతోంది. మా ఆయన్ని ఎక్కించుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. దిగి, కట్టుడు పళ్ళు సర్దుకుని, "నీతో కాపురం చేశాను గానీ దీంతో చెయ్యలేను" అన్నారు.

ఇక అసలు సంగతి. వానలు వెనకపట్టాక, ఒకప్పుడు మనిద్దరం పోటీలకి వెళ్ళిన ఆ కొండ రోడ్డు మీదే పాత బండ్ల పరుగు ఉంది. బండికి ఇద్దరు ఉండి తీరాలి. నడిపేవాళ్ళొకరు, మలుపులు చదివి చెప్పేవాళ్ళొకరు. నాకు మలుపులు చెప్పగలిగింది ఈ లోకంలో ఒక్కర్తే, దానికే ఈ ఉత్తరం. నీ నడుం ఆపరేషన్ నేను మర్చిపోలేదే. అందుకే అడుగుతున్నా. నిన్ను కూర్చోబెట్టేలా ఈ బండిని మెత్తబరచాలి. ఎలాగో చెప్పు. బండ్ల రిపేరు పుస్తకాలన్నిటికీ ప్రూఫులు దిద్దినదానివి, నీకు తెలియక ఎవరికి తెలుస్తుంది?

నువ్వు పక్కన లేకపోతే నేను ఆ కొండ ఎక్కను. ఇది బెదిరింపే.

నీ
తొందరమ్మ


అచ్చాఫీసు పైన, మూడో అంతస్తు,
మొదటి వాన పడ్డ మధ్యాహ్నం

తొందరమ్మా,

నీ ఉత్తరం నిలబడి చదివాను. ఈ మధ్య అన్నీ నిలబడే చేస్తున్నాను. ప్రూఫులు దిద్దుకోవడానికి బల్ల కాళ్ళ కింద చెక్కలు పెట్టి ఎత్తు చేయించుకున్నాను. చూసినవాళ్ళు నేనేదో ఉపన్యాసం ఇవ్వబోతున్నాననుకుంటారు.

ముందు ఒక మాట. నేను రాను. అది పైనే రాసేస్తే మిగతాది నిమ్మళంగా రాసుకోవచ్చు. డాక్టరు కుదుపులు పనికిరావన్నాడు. ఆ మాట మీదే ఉన్నాను. పరుగుకి ఇంకెవరినైనా చూసుకో.

ఇక బండి. ఎవరో కుర్రాడి దగ్గర కొని ఉంటావు, అవునా? రేపు పొద్దున బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉండగా గాలి చూడు. ఎంత ఉండాలో తలుపు తీస్తే ఆ అంచు మీద చీటీ అతికించి ఉంటుంది. గాలి దండిగా కొడితే బండి రయ్యిమంటుందని కుర్రాళ్ళకి ఒక పిచ్చి నమ్మకం. దాంతో టైరు రాయిలా అవుతుంది. పైసా ఖర్చు లేని పని, ముందు అది చెయ్యి.

ఇంకోటి. "కుదుపు, కుదుపు" అని రాస్తే నాకేం తెలుస్తుంది? నువ్వు నడుపుతుంటే నీకసలు కుదుపు సంగతి తెలియదు. గుంత వస్తోందని నీ కంటికి ముందే కనిపిస్తుంది, చేతిలో స్టీరింగు ఉంటుంది, ఒళ్ళు దానికదే సర్దుకుంటుంది. పక్కన తల వంచుకుని కాగితం చదివేదాన్ని అడగాలి కుదుపంటే ఏమిటో. కాబట్టి అన్నయ్యగారిని బతిమాలి మళ్ళీ ఎక్కించుకో. చేతికి అట్టా, పెన్సిలూ ఇచ్చి, బండి కదులుతుండగా ఈ వాక్యం రాయించు. మా అచ్చాఫీసులో కొత్త కలం వస్తే దీంతోనే పరీక్షిస్తాం.

ఇక్కడ గంట, అక్కడ గుంట, నడుమ మన తంటా.

ఆ కాగితం పంపు. వంకర అక్షరాలు చూడటమేగా నా ఉద్యోగం. ఏది ఎక్కడ ఎగిరిందో చూసి బండికి ఏం జబ్బో చెప్తాను.

రాననే మాట మారదు.

మలుపమ్మ


వంటింటి బల్ల మీద,
నీ ఉత్తరం వచ్చిన మర్నాడే

ఒసేయ్ మాయలాడీ,

గాలి! నిజంగా గాలే! చీటీ మీద ఉన్నదానికన్నా ఎక్కడికో ఎక్కించేశాడు ఆ మహానుభావుడు. బుస్సుమని దించాను. దించగానే సన్నగా ఝుమ్మని పళ్ళు జివ్వుమనే ఆ వణుకు చాలావరకు పోయింది. ఆనందం పట్టలేక మా వీధిలో ఊరికే నాలుగు చుట్లు తిరిగాను. నా దగ్గర నేర్చుకుంటున్న బ్యాంకు గుమాస్తా కనిపించి "మేడమ్, స్పీడు" అంటూ వేలు చూపించాడు. వాడు నాకు చెప్పేంతవాడయ్యాడు!

కానీ గుంతలో పడితే ఇప్పటికీ దబ్బున కింద ఎవరో సుత్తితో కొట్టినట్టే ఉంది.

ఇదిగో మా ఆయన రాసిన కాగితం. రెండు ఉన్నాయి. గాలి దించకముందు ఒకటి, దించాక ఒకటి. మొదటిది రాసేటప్పుడు ఆయన అన్న మాటలు అందులో రాయలేదులే. రెండోదాని చివర గీత కాగితం దాటి అట్ట మీదికి, అక్కడి నుంచి ఆయన ప్యాంటు మీదికి పోయింది. ఆ ప్యాంటు పంపమంటే పంపుతా.

నువ్వు "రాను" అని రెండుసార్లు రాశావు. నిజంగా రానిదానివైతే ఒక్కసారి రాసేదానివి. నాకు తెలియదా నీ సంగతి!

తొందరమ్మ


ఎత్తు బల్ల దగ్గర,
వాన వెలిసిన పూట

తొందరమ్మా,

అన్నయ్యగారి కాగితాలు రెండు రోజులుగా నా బల్ల మీదే ఉన్నాయి. మా కంపోజిటర్ చూసి "ఎవరమ్మా ఈ పేషెంటు?" అని అడిగాడు.

మొదటి కాగితంలో సున్నలన్నీ రంపం పళ్ళలా ఉన్నాయి. అది గాలి జబ్బు. రెండోదాంట్లో సున్నలు గుండ్రంగా వచ్చాయి. భేష్. కానీ "గుంట" దగ్గర కొమ్ము ఒక్కసారిగా కిందికి దిగబడి, తలకట్టు పైకి లేచిపోయింది. మిగతాదంతా బాగుండి ఒక్కచోట అలా తెగిందంటే, చక్రం పైకి లేవడానికి చోటు చాలక వెళ్ళి పైన గుద్దుకుంటోందన్నమాట. బండి చూడ్డానికి సోగ్గా ఉండాలని ఆ కుర్రాడు పొట్టి స్ప్రింగులు వేయించి కిందికి దించేసి ఉంటాడు. పెద్ద చక్రాలు, పల్చటి టైర్లు కూడా వేశాడా? వేసే ఉంటాడు.

అసలు స్ప్రింగులు, అసలు చక్రాలు వాడినే అడుగు. అలాంటివి ఎవరూ పారెయ్యరు. టైరు పక్క గోడ మందంగా ఉంటే సగం దెబ్బ అదే తింటుంది. షాకబ్జార్బర్ల మీద నూనె తడి ఉందేమో వేలితో తాకి చూడు. ఉంటే వాటి పని అయిపోయినట్టే, మార్పించు.

చివరిది. చక్రాన్ని పట్టుకునే ఇనప చేతుల చివర్లో బుష్‌లని, దెబ్బ తినడానికి చిన్న గుండ్రటి దిండ్లుంటాయి. వాడు గట్టి ప్లాస్టిక్‌వి వేయించి ఉంటాడు. తీయించి మెత్తటి రబ్బరువి వేయించు. వాటి బోల్టులు గట్టిగా బిగించాలి.

(వెనక్కి తిప్పు)

బిగించడం మాత్రం బండి జాకీల మీద వేలాడుతుండగా కాదు. ఊరికే తగిలించి వదిలెయ్యండి. బండి దించి, చక్రాలు నేలకి ఆని, బరువంతా పడ్డాక, అప్పుడు బిగించండి. ముందే బిగిస్తే రబ్బరు వేలాడే భంగిమలోనే పట్టేస్తుంది. బండి దించగానే మెలి తిరిగి, ఎప్పుడూ బిర్రబిగుసుకునే ఉంటుంది. చేతులు పైకెత్తి గుండీలు పెట్టుకుని, తర్వాత చేతులు దించితే చొక్కా ఎలా పీకుతుందో అలా.

ఒక విషయం చెప్పనా? నిన్న మెట్లు దిగుతూ ఆ కొండ రోడ్డు మలుపులు నాకు నేనే చెప్పుకున్నాను. అన్నీ వరసగా వచ్చాయి. దాని అర్థం వస్తానని కాదు.

మలుపమ్మ


షెడ్డులో, చేతులకి గ్రీజు,
ముసురు పట్టిన రోజు

మలుపమ్మా,

అంతా అయిపోయిందే. నా ఉత్సాహం మీద ఎవరో బిందెడు నీళ్ళు కుమ్మరించినట్టుంది.

మొదటినుంచీ చెప్తాను. నువ్వు చెప్పినట్టే ఆ కుర్రాడింటికి పరిగెత్తాను. చక్రాలు మంచం కింద ఉన్నాయి. మరి స్ప్రింగులు ఎక్కడున్నాయో తెలుసా? వాళ్ళమ్మ వాటి మీద పూలకుండీలు పెట్టుకుంది! నాలుగు స్ప్రింగులు, నాలుగు కుండీలు. "ఇవిస్తే నా మొక్కలు ఎక్కడ కూర్చుంటాయి?" అంది. మా ఇంట్లోని నాలుగు పీటలు ఆవిడకిచ్చి స్ప్రింగులు ఎత్తుకొచ్చాను. గంతులేస్తూ వచ్చానే, నిజంగా.

వెనక షాకబ్జార్బర్లు రెండూ నూనె కక్కుతున్నాయి. కొత్తవి వేయించాను. బుష్‌లు నువ్వన్నట్టే గట్టివి, తీయించాను. నీ ఉత్తరాన్ని షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించాను, మేస్త్రి చూసుకుంటూ చేస్తాడని. బండిని జాకీల మీద నిలబెట్టి ఇద్దరం కిందికి దూరి, పానా పట్టి ఒక్కో బోల్టూ ఊపిరి బిగబట్టి బిగించాం. నా అంత గట్టిగా మేస్త్రి కూడా బిగించలేదు.

దించి, నడిపాను. గుద్దుకోవడం పోయింది, అది నిజం. కానీ బండి మొత్తం కర్రలా బిగుసుకుపోయింది. చిన్న గతుకుకి కూడా ఎగిరెగిరి పడుతోంది. ఇంత చేశాక ఇదా? మా ఆయన కాగితం జతచేశాను. ఈసారి ఆయన వాక్యం పూర్తి చెయ్యలేదు. "మన తం" దగ్గర ఆపి "ఇక నావల్ల కాదు" అన్నారు.

ఒకతను బండి అడుగుతున్నాడు. వచ్చే వారం చూడ్డానికి వస్తానన్నాడు. రమ్మన్నాను.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, తిట్టుకో. పరుగుకి పేర్లు ఎప్పుడో ఇచ్చేశాను. నడిపేది నేను, మలుపులు చదివేది నువ్వు. నువ్వు మొదటి "రాను" రాయకముందే. బండి మెత్తబడితే నువ్వు వస్తావని, నిన్ను మళ్ళీ పక్కన కూర్చోబెట్టుకుంటానని పిచ్చిదానిలా ఊహించుకున్నాను. బండి కోసం కాదే ఇదంతా.

తొందరమ్మ


మూడో అంతస్తు,
ఉత్తరం అందిన గంటలోనే

ఒసేయ్ బుర్రతక్కువదానా!

నా ఉత్తరం వెనక్కి తిప్పావా? ఇప్పుడే వెళ్ళు. గోడ దగ్గరికి వెళ్ళి, మేకు పీకి, ఆ కాగితం వెనక్కి తిప్పు!

తిప్పావా? చదివావా? అదీ సంగతి. గోడకేసి పెట్టావు నా మాట సగాన్ని! మొదటినుంచీ అంతేగా నువ్వు. "ఎడమ మలుపు, తర్వాత వెంటనే కుడి" అని నేను చెప్తుంటే "ఎడమ" దగ్గరే తిప్పేసి, "కుడి" అనేసరికి గడ్డివాములో ఉండేవాళ్ళం. ఫోన్లో వినవని ఉత్తరాలు మొదలుపెట్టాను. ఉత్తరాన్ని కూడా సగమే వినే మనిషి ఉంటుందని నేనేం కలగన్నానా! ఇక్కడ ఒక్కదాన్నే పగలబడి నవ్వుతుంటే కింద మిషను ఆపి మరీ పైకొచ్చారు, నాకేమైందో అని.

బండి నేల మీద ఉండగానే బోల్టులన్నీ వదులు చెయ్యి. బండిని రెండుసార్లు పైకీ కిందికీ ఊపు. రబ్బరు ఒళ్ళు విరుచుకుంటుంది. మళ్ళీ బిగించు. అంతే. అమ్మావంటే చంపేస్తాను.

ఇప్పుడు నా వంతు. డాక్టరు మాట మీద ఉన్నానని రాశాను కదా. పూర్తిగా రాయలేదు. మెత్తగా పోయే బండిలో కూర్చోవచ్చని ఆయన ఏడాది కిందటే చెప్పాడు. నేనే కూర్చోవడం లేదు. భయమే తొందరమ్మా. ఆపరేషన్ అయి ఇంటికొచ్చేటప్పుడు బండి ఒక గుంతలో పడింది. ఆ నొప్పి ఇంకా నా ఒంట్లోనే ఉన్నట్టుంటుంది. ఆ రోజు నుంచి ఏ బండి తలుపూ తీయలేదు. ఎంత దూరమైనా నడుస్తున్నాను. మా చెల్లెలి కొత్తింటికి కూడా వెళ్ళలేదు, అది దూరం. ఎవరడిగినా డాక్టరు పేరు చెప్తున్నాను.

రావాలని ఉంది. ఎంత ఉందో రాస్తే ఈ కాగితం చాలదు. కానీ తలుపు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోతాయేమో.

ఒక పని చెయ్యి. ఈసారి అన్నయ్యగారిని నడపమను. పక్క సీట్లో నువ్వు కూర్చుని రాయి.

మలుపమ్మ


పక్క సీట్లో నుంచి,
మబ్బు విడిన పొద్దున

ఇక్కడ గంట, అక్కడ గుంట, నడుమ మన తంటా.

చూడవే! చూడు! ఇది కదులుతున్న బండిలో రాశాను! మీ అచ్చాఫీసు ముందున్న గతుకుల రోడ్డు లాంటిదే మాకూ ఒకటుంది, దాని మీద! ఆ సున్నలు చూడు, గుండ్రంగా పూసల్లా ఉన్నాయి!

నువ్వు చెప్పినట్టే చేశాం. మేస్త్రి మొదటి బోల్టు వదులు చెయ్యగానే "టక్"మంది. ఒక్కో బోల్టుకీ ఒక్కో టక్కు. అన్నీ అయ్యాక బండి కాస్త కిందికి సర్దుకుని కూర్చుంది. అచ్చం మా ఆయన ఆఫీసు నుంచొచ్చి కుర్చీలో కూలబడ్డట్టు. నీ కాగితం మళ్ళీ తగిలించాను, ఈసారి దారానికి వేలాడదీశాను, రెండు వైపులా కనపడేలా. మేస్త్రి అందరికీ చూపిస్తున్నాడు.

ఇక నువ్వు చెప్పిన రెండో పని. మా ఆయన నడుపుతున్నారు. నేను పక్కన. ఇన్నేళ్ళుగా రోజూ పక్క సీట్లోనే కూర్చుంటున్నాను కదా, ఇదేం లెక్క అనుకున్నాను. మొదటి మలుపులోనే కాలు బ్రేకు కోసం వెతికింది. లేదు! స్కూలు బండిలో నా వైపు బ్రేకు ఉంటుంది. ఇక్కడ ఏమీ లేదు. దారి మీదికొచ్చేస్తుంటుంది, చేతిలో ఒక్క కాగితం తప్ప పట్టుకోవడానికేమీ లేదు. గుండె నోట్లోకొచ్చింది. మా ఆయన నడిపే వేగం నీకు తెలుసు, సైకిళ్ళు దాటిపోతాయి. అయినా వచ్చింది.

నువ్వు అలా కూర్చునేదానివన్నమాట. అదీ నా పక్కన! తల కూడా ఎత్తకుండా, నా వేగానికి, నా మీద నమ్మకంతో. ఒక్కనాడైనా "భయమేస్తోందా?" అని అడిగానా నిన్ను? నాకు తట్టనే లేదే.

అమ్మడం లేదు. అతన్ని రావద్దన్నాను.

పరుగు నాడు పొద్దున్నే మీ వీధి చివర ఉంటాను. తలుపు తీసి పెడతాను, ఇంజిను ఆపి ఉంచుతాను. వచ్చి ఊరికే కూర్చో. నువ్వు చెప్పేదాకా తాళం తిప్పను. వద్దంటే అక్కడే టీ తాగి, కబుర్లు చెప్పుకుని, బండిని అక్కడే వదిలేసి నిన్ను మీ మెట్ల దాకా నడిపించుకుంటూ వస్తాను. ఒట్టు.

ఈ ఉత్తరానికి వెనక వైపు ఏమీ లేదు. నేను తిప్పి చూసుకున్నాను.

నీ
తొందరమ్మ


నీ పక్కనే,
పరుగు నాడు

తొందరమ్మా,

నువ్వు పక్కనే ఉండగా నీకు ఉత్తరం రాస్తున్నాను. మాట్లాడితే మధ్యలో కోసేస్తావు కాబట్టి. అటు చూడు, రోడ్డు కేసి. నా కాగితంలోకి కాదు.

తలుపు దగ్గర నేను ఎంతసేపు నిలబడ్డానో లెక్కపెట్టలేదు. నువ్వూ ఒక్క మాట అనలేదు. నోరు తెరవకుండా నువ్వు అంతసేపు ఉండగలవని తెలిసుంటే ఫోనులోనే మాట్లాడేదాన్ని కదే! కూర్చున్నాను. సీటు చల్లగా ఉంది. నా కాళ్ళు వణికాయి. తర్వాత ఆగాయి. "తిప్పు" అన్నాను.

ఇక్కడ గంట, అక్కడ గుంట, నడుమ మన తంటా.

ఇది రాసేటప్పుడు పాత వంతెన దాటాం. ఒక్క కొమ్మూ దిగలేదు, ఒక్క తలకట్టూ లేవలేదు. నా వృత్తిలో ఇంత శుభ్రమైన ప్రూఫు చూడలేదు. పైన "ఆగాయి" దగ్గర గీత పక్కకి జారింది, అది మాత్రం గుంత కాదు. కళ్ళు నిండి కాగితం కనపడలేదు.

పరుగు అయ్యాక నేరుగా ఇంటికి వద్దు. మా చెల్లెలి కొత్తింటికి తీసుకెళ్ళు.

బయల్దేరే గీత దగ్గరికొచ్చాం. ముందు మూడు బండ్లున్నాయి. ఇప్పుడు రెండు. నీ వేళ్ళు స్టీరింగు మీద అప్పుడే దరువేస్తున్నాయి. నీ వేగానికి భయమేస్తోందా అని నువ్వు ఇందాక అడిగావు, జవాబు ఇదిగో. వేస్తోంది. బ్రహ్మాండంగా ఉంది!

జెండా ఎత్తాడు. ఈ కాగితం మడిచి మలుపుల కాగితం తీస్తున్నాను. మొదటిది ఎడమ. ఆ తర్వాత ఏముందో చెప్తాను, చివరిదాకా వినవే.

మలుపమ్మ